శాసనం ఫోటో ఎలా పంపాలి: వాట్సాప్, డ్రైవ్, ఫ్లికర్, కామన్స్‌లలో దేన్ని ఎప్పుడు వాడాలి

చెరువు కట్ట మీదో, శివాలయం వెనకాలో ఒక రాతి శాసనం కనిపిస్తుంది. ఫోన్ తీసి నాలుగు ఫోటోలు కొడతాం, అక్కడి నుంచే గ్రూపులో పెట్టి "ఇది ఎవరైనా చదివి చెప్పండి" అని అడుగుతాం. చదవగలిగినవాళ్ళు ఫోటో తెరిచి వేళ్ళతో పెద్దది చేసి చూస్తే, మూడో వరుస నుంచి అంతా బూడిద రంగు మసక. "క్లియర్ ఫోటో ఉంటే పంపండి" అని జవాబు వస్తుంది. తీసినవాళ్ళ ఫోన్‌లో మాత్రం ఆ ఫోటో అద్దంలా ఉంటుంది. పాడైంది పంపిన దారిలోనే.

పెద్ద ఫోటోలు పంపడానికి ఇప్పుడు ఏడెనిమిది దారులున్నాయి. ఒక్కోదానిలో ఒక్కోటి పోతుంది. కొన్నిట్లో స్పష్టత, కొన్నిట్లో ఫోటో తీసిన తేదీ, కొన్నిట్లో నాలుగేళ్ళకు ఫోటోయే. నా మాట ముందే చెప్పేస్తాను: చదివించుకోవడానికి ఒక దారి, దాచి ఉంచడానికి ఇంకో దారి వాడండి. ఈ రెండు పనులూ ఒకే చోట అయిపోవాలని చూసినప్పుడల్లా నేను నష్టపోయాను.

మా మండలంలో ఒక ఊళ్ళో గుడి పక్కన నిలువెత్తు శాసనం ఉండేది. 2016లో ఫోటో తీశాను, వాట్సాప్‌లో ఇద్దరు ముగ్గురికి పంపాను, ఆ తర్వాత ఫోన్ పాడైంది, బ్యాకప్ లేదు. నాలుగేళ్ళకు గుడి బాగు చేయించినప్పుడు ఆ రాయికి మందంగా పెయింట్ వేశారు. అక్షరాల గాట్లన్నీ పూడిపోయాయి. భక్తితోనే చేశారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ ఇప్పుడు ఆ శాసనానికి నాకు తెలిసి మిగిలింది ఒక స్నేహితుడి దగ్గరున్న 180 కేబీ ఫోటో ఒక్కటే, అందులో రాజు పేరు ఉండాల్సిన వరుస చదవడానికి రావట్లేదు. రెండు వందల ఏళ్ళ క్రితం ఈస్ట్ ఇండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి చేత్తో రాసుకున్న నకళ్ళ వల్ల, రాళ్ళు పోయినా మాటలు మిగిలిన శాసనాలు ఉన్నాయి. చేతిలో ఇంత కెమెరా పెట్టుకుని మనం అంతకన్నా తక్కువ మిగిల్చితే ఎలా అనిపిస్తుంది నాకు.

పంపేటప్పుడు పోయేది ఏంటి

ఒక లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో అంటే 6000 × 4000, రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు (పిక్సెళ్ళు). వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 చుక్కలకు కుదించేస్తుంది, అంటే మొత్తం పదిహేడు లక్షలు. పద్నాలుగు చుక్కలున్న చోట ఒకటి మిగిలింది. దాని మీద మళ్ళీ జేపెగ్ కుదింపు పడుతుంది. జేపెగ్ పద్ధతి ఫోటోని 8 × 8 చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా తెలియని సన్నని తేడాల్ని ముందు వదిలేస్తుంది. మనిషి ముఖానికీ ఆకాశానికీ దాని వల్ల ఏమీ కాదు. అరిగిపోయిన శాసనానికి మాత్రం ఆ సన్నని తేడాయే అక్షరం! రాయి రంగు ఒకటే, గాటు రంగూ ఒకటే, మధ్యలో ఉన్నది కాస్త నీడ అంతే. ఆ నీడ పోతే పకారం ఏదో వకారం ఏదో, ఒత్తు ఉందో లేదో చెప్పలేం, ఒత్తు మారితే ఊరి పేరే మారిపోతుంది.

అందుకే పెళ్ళి ఫోటోలకు సరిపోయిన సలహా శాసనాలకు సరిపోదు. "నాకు బాగానే కనిపిస్తోందే" అన్న మాటని ఈ విషయంలో నమ్మకండి, పంపాక అవతలివాళ్ళ ఫోన్‌లో ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి చూడమనండి.

వాట్సాప్, ఎందుకంటే అందరూ వాడేది అదే

ఇందులో మూడు రకాలుగా పంపొచ్చు. మామూలు ఫోటో గురించి పైన చెప్పాను, ఊరికే "ఇదిగో ఈ రాయి దొరికింది" అని చూపించడానికి తప్ప పనికిరాదు. 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ బటన్ చాలా మెరుగు, వరుసలు బాగున్న మధ్యయుగపు శాసనమైతే దానితో చదివేయొచ్చు కూడా, కానీ అదీ అసలు ఫోటో కాదు, కుదించిందే. మూడోది డాక్యుమెంట్‌గా పంపడం. అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుని, ఫోటో ఫైల్‌ని పట్టుకుని పంపాలి. ఒక్క చుక్క కూడా మారకుండా వెళ్తుంది. 2022 నుంచి 2 జీబీ దాకా పంపనిస్తున్నారు కాబట్టి సైజు గురించి టెన్షన్ అక్కర్లేదు.

శాసనం చదివే పెద్దాయనకు పంపుతున్నారంటే నేను డాక్యుమెంట్ పద్ధతే చెప్తాను, కొత్త యాప్ నేర్చుకోమని వాళ్ళను ఇబ్బంది పెట్టక్కర్లేదు. అయితే రెండు చిక్కులున్నాయి. అందుకున్నవాళ్ళు దాన్ని గ్యాలరీలో సేవ్ చేసుకుని అక్కడి నుంచి మామూలు ఫోటోగా ఇంకొకరికి పంపితే మళ్ళీ కుదించుకుపోతుంది, కాబట్టి "డాక్యుమెంట్‌గానే ఫార్వర్డ్ చేయండి సార్" అని ఒక మాట రాయండి. రెండోది, కొన్నాళ్ళు ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోకపోతే ఆ ఫైల్ తెరుచుకోదు, మళ్ళీ పంపమంటుంది. వాట్సాప్ ఉన్నది పంపడానికే, దాచడానికి కాదు.

ఐఫోన్ ఉన్నవాళ్ళకు ఒక చిన్న మాట. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్ ఫోటోలు జేపెగ్‌గా కాకుండా హెచ్ఈఐసీ రకంలో సేవ్ అవుతున్నాయి, డాక్యుమెంట్‌గా పంపితే కొన్ని పాత విండోస్ కంప్యూటర్లలో తెరుచుకోవు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌లోకి వెళ్ళి మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టుకుంటే అక్కడి నుంచి జేపెగ్‌లే వస్తాయి.

టెలిగ్రామ్‌లో కూడా ఇదే కథ, ఫోటోగా పంపితే కుదిస్తుంది, ఫైల్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. తేడా ఏంటంటే ఫైళ్ళు వాళ్ళ సర్వర్లోనే ఉండిపోతాయి, ఆరు నెలల తర్వాత చానల్లో చేరినవాళ్ళు కూడా వెనక్కి వెళ్ళి పాత ఫోటోలు దించుకోవచ్చు. పది పదిహేను మంది కలిసి ఒక జిల్లా శాసనాల మీద పని చేస్తుంటే వాట్సాప్ కన్నా ఇదే నయం. మన పెద్దవాళ్ళలో చాలామందికి టెలిగ్రామ్ ఉండదు, అదొక్కటే ఇబ్బంది.

మెయిల్‌ని మర్చిపోయాం గానీ ఒకటి రెండు ఫోటోలకు అది ఇప్పటికీ చక్కటి దారి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా అటాచ్‌మెంట్ వెళ్తుంది, ఫోటో మారదు, ఏ రోజు ఎవరికి పంపామో రాతపూర్వకంగా ఉంటుంది. యూనివర్సిటీలో ఉన్నవాళ్ళకో, పురావస్తు శాఖకో రాస్తుంటే మెయిలే పంపండి.

గూగుల్ ఫోటోస్, గూగుల్ డ్రైవ్: రెండూ ఒకటి కాదు

చాలామంది వీటిని కలిపేస్తారు. ఫోటోస్‌లో బ్యాకప్ క్వాలిటీ స్టోరేజ్ సేవర్ మీద ఉంటే ఫోటోలు కుదించుకుపోతాయి, 16 మెగాపిక్సెల్ దాటినవి 16కి దిగుతాయి. ఒరిజినల్ క్వాలిటీ అని మార్చుకుంటేనే అసలు ఫోటో ఉంటుంది. 2021 జూన్ 1 దాకా స్టోరేజ్ సేవర్ రకం ఫోటోలు ఎన్నైనా ఉచితంగా పెట్టుకోనిచ్చేవారు, ఆ తర్వాత నుంచి ఏ రకమైనా మెయిల్, డ్రైవ్, ఫోటోస్ అన్నీ కలిపి 15 జీబీ లోపే. ఒక్కో ఫోటో 10 ఎంబీ అనుకుంటే పదిహేను వందల ఫోటోలకు నిండిపోతుంది, మెయిళ్ళు ఆక్రమించింది కాకుండానే.

డ్రైవ్ ఫైల్‌ని ముట్టుకోదు. పేరు, తేదీ, సైజు ఏదీ మారదు, ఊరి పేరుతో ఫోల్డర్ పెట్టి లింక్ ఇవ్వొచ్చు. నేను యాభై ఫోటోలు దాటితే డ్రైవే వాడతాను. లింక్ ఇచ్చేటప్పుడు నూటికి తొంభై మంది చేసే పొరపాటు ఒకటుంది: అది మొదట రిస్ట్రిక్టెడ్ అని ఉంటుంది, దాన్ని లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనేలా మార్చకుండానే పంపేస్తారు. అవతలివాళ్ళు పర్మిషన్ అడుగుతారు, ఆ మెయిల్ మనం చూసుకోం, వాళ్ళు ఇంక మళ్ళీ అడగరు. లింక్ పంపే ముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ (మన ఖాతా లాగిన్ లేకుండా తెరుచుకునేది) తెరిచి ఒకసారి నొక్కి చూసుకోండి.

ఇంకో విషయం మాట్లాడటానికి ఇష్టం ఉండదు గానీ చెప్పాలి. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాలను గూగుల్ తీసేయొచ్చని 2023లో నియమం పెట్టింది. జీవితమంతా ఊళ్ళు తిరిగి ఫోటోలు తీసిన ఒక పెద్దాయన కాలం చేస్తే, ఆయన పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, ఆ ఫోటోలన్నీ ఆయనతో పాటే పోతాయి. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి అందాలో అందులో రాసిపెట్టొచ్చు. ఆరు పదులు దాటిన మిత్రులు దయచేసి ఈ వారంలోనే చేయండి, పిల్లలతో చేయించుకోండి.

పోస్టులో పెట్టి నలుగురూ మాట్లాడుకోవాలంటే

ఇక్కడ పెద్ద ఫోటో పెట్టడమే తప్పు. 12 ఎంబీ ఫోటో పోస్టులో పెడితే పల్లెల్లో సిగ్నల్ సరిగా లేనివాళ్ళకు తెరుచుకోదు, పైగా సైట్ తన ఇష్టం వచ్చినట్టు కుదించేస్తుంది. మనమే ముందు కుదించి పెడితే ఎంత కుదించాలో మన చేతిలో ఉంటుంది. పొడవు వైపు 2048 చుక్కలు, జేపెగ్ నాణ్యత 85 దగ్గర పెట్టండి, ఫేస్‌బుక్‌కూ ఆ సైజు సరిపోతుంది. కంప్యూటర్‌లో ఇర్ఫాన్‌వ్యూ అనే ప్రోగ్రామ్ ఉంటే ఒకేసారి వంద ఫోటోలు కుదిస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే బ్రౌజర్‌లోనే పనిచేసే స్క్వూష్ అనే సైట్ ఉంది.

మరి అక్షరాలు? దీనికి నేను చేసే పని ముక్కలు కోయడం. మొత్తం రాయి కనిపించే చిన్న ఫోటో ఒకటి, దాని కింద అసలు ఫోటోలోంచి కుదించకుండా కత్తిరించిన ముక్కలు, ఒక్కో దానిలో నాలుగైదు వరుసలు, "1 నుంచి 5 వరుసలు", "5 నుంచి 9 వరుసలు" అని ఒక వరుస రెండిట్లోనూ వచ్చేలా. ఒక్కో ముక్క 2000 చుక్కల లోపే ఉంటుంది కాబట్టి సైట్ పెద్దగా కుదించదు, చదివేవాళ్ళకు అసలు స్పష్టత దొరుకుతుంది, "ఏడో వరుసలో నాలుగో అక్షరం" అని వేలు పెట్టి మాట్లాడుకోవచ్చు. ఇది చేసినప్పటి నుంచి నాకు జవాబులు రెట్టింపు వేగంతో వస్తున్నాయి. వీలైతే ముక్కలు కోయడం కాదు, రాయి దగ్గరే దగ్గరగా ఆరు ఫోటోలు విడివిడిగా తీసుకోండి, టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని. 200 మెగాపిక్సెల్ ఫోన్‌తో దూరం నుంచి తీసిన ఒక్క ఫోటో కన్నా మామూలు 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన ఆరు నాకు ఎక్కువ ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. పంపే ముందు ఏఐతో ఫోటోని షార్ప్ చేసే యాప్‌లు వాడకండి. అవి లేని గీతల్ని ఊహించి గీస్తాయి. ముఖం మీద అయితే అందంగా ఉంటుంది, శాసనం మీద అది దొంగ అక్షరం. ఒకసారి అలాంటి ఫోటో మీద నలుగురం వారం రోజులు వాదించుకున్నాం, అసలు ఫోటో తెప్పించి చూస్తే ఆ కొమ్ము రాతి మీద లేనే లేదు.

లింక్ ఎన్నాళ్ళు బతుకుతుంది

ఉచితంగా ఫోటో పెట్టుకోనిచ్చే సైట్ల చరిత్ర తెలిసినవాళ్ళు వాటిని నమ్మరు. ఫోటోబకెట్ 2017లో ఉన్నట్టుండి నియమాలు మార్చి, బయటి పేజీల్లో ఫోటోలు కనిపించాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్ల ప్లాన్ కట్టమంది. పదేళ్ళుగా జనం రాసుకున్న చర్చల్లో ఫోటోలన్నీ ఒక్కసారిగా మాయమై వాటి చోట డబ్బు కట్టమనే బొమ్మ వచ్చింది. టైనీపిక్ 2019లో మూతపడింది. ఇమ్గుర్, ఖాతా లేకుండా ఎక్కించి ఎవరూ చూడని పాత ఫోటోలను తీసేస్తామని 2023లో ప్రకటించింది. శాసనం ఫోటో అంటే ఎవరూ చూడని పాత ఫోటోనే కదా, పదేళ్ళకు ఒక పరిశోధక విద్యార్థి వెతుక్కుంటూ వచ్చేదాకా. నేనూ ఒక ఉచిత సైట్‌లో నలభై వీరగల్లుల (వీరమరణం పొందినవారి గుర్తుగా నిలిపిన రాళ్ళ) ఫోటోలు పెట్టుకుని పోగొట్టుకున్నవాణ్ణే. అసలు ఫోటోలు డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, కానీ వాటి కింద పెద్దలు చదివి రాసిన శాసన పాఠాలకూ (రాతి మీదున్న మాటలకూ) ఫోటోలకూ లంకె తెగిపోయింది.

ఫ్లికర్ వీటికన్నా గట్టిది. 2004లో మొదలైంది, 2018లో స్మగ్‌మగ్ అనే ఇంకో ఫోటోల కంపెనీ కొనుక్కుంది, ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో ఫోటో 200 ఎంబీ దాకా ఎక్కించొచ్చు, ఎక్కించగానే రకరకాల సైజులు అదే తయారు చేస్తుంది, ఆల్బమ్‌లు చక్కగా ఉంటాయి. కానీ 2019 నుంచి ఉచిత ఖాతాకు వెయ్యి ఫోటోలే, 2025 నుంచి ఉచిత ఖాతాల్లోని ఫోటోలను పెద్ద సైజులో దించుకోనివ్వడం లేదు. డబ్బు కట్టే ఉద్దేశం ఉంటే ఫ్లికర్ బాగుంది, అందంగా ఉంటుంది కూడా. ఉచితంగా అయితే మన పనికి ఇప్పుడు పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే మనకు కావాల్సిందే పెద్ద సైజు.

దాచడానికి నా ఎంపిక వికీమీడియా కామన్స్

తెలుగు వికీపీడియాలో మనం చూసే ఫోటోల్లో ఎక్కువ ఉండేది ఇక్కడే. ఎక్కించిన అసలు ఫైల్ అలాగే ఉంటుంది, పక్కనే చిన్న సైజులు దొరుకుతాయి, ఎవరైనా ఖాతా లేకుండానే అసలుది దించుకోవచ్చు. ప్రకటనలు లేవు, వెయ్యికే ఆపు అనే లెక్క లేదు. వివరణ తెలుగులో రాయొచ్చు, పాఠం తెలిశాక అదే పేజీలో చేర్చొచ్చు, తప్పుంటే ఇంకొకరు దిద్దొచ్చు. ఫోటో, పాఠం, ఊరు, తేదీ ఒకే చోట కలిసి ఉండటం అనేది నాకు మిగతా ఏ చోటా దొరకలేదు.

దానికి తగ్గ షరతూ ఉంది. ఫోటో మీరు తీసిందై ఉండాలి, దాన్ని స్వేచ్ఛా లైసెన్స్ కింద ఇవ్వాలి, అంటే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, పుస్తకంలో వేసి అమ్ముకోవచ్చు కూడా. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. మీ ఫోటోలతో పుస్తకం వేసుకోవాలనే ఆలోచన ఉంటే ముందు ఆ పుస్తకం వేసుకోండి, తర్వాత పెట్టండి, అందులో తప్పేమీ లేదు. ఇంకొకరి పుస్తకంలో అచ్చయిన ఫోటోని ఫోన్‌తో తీసి పెట్టడం మాత్రం కుదరదు, తీసేస్తారు.

ఒక ఊరి శాసనాలన్నీ ఒక పీడీఎఫ్‌గా కట్టి పెట్టాలనుకుంటే, పాత తెలుగు పుస్తకాల కోసం మనం వెళ్ళే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ ఉంది.

లొకేషన్ సంగతి

ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఫైల్ లోపల ఆ రాయి ఎక్కడుందో కొన్ని మీటర్ల తేడాతో రాసి ఉంటుంది. వాట్సాప్ మామూలు ఫోటోగా పంపితే ఆ సమాచారం పోతుంది, డాక్యుమెంట్‌గా, డ్రైవ్‌లో, మెయిల్‌లో పంపితే ఫోటోతో పాటే వెళ్తుంది. పరిశోధకులకు అది బంగారం. కానీ గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్ళనూ వీరగల్లులనూ తవ్విపోసేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, ఊరి బయట ఒంటరిగా ఉన్న రాయి కచ్చితమైన చోటుని అందరి ముందూ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఊరి మధ్య గుళ్ళో ఉన్నదైతే లొకేషన్‌తోనే పెడతాను. పొలాల్లో, గుట్టల మీద ఉన్నదైతే కామన్స్‌లో, పోస్టుల్లో ఊరి పేరు వరకే ఇచ్చి, లొకేషన్ తీసేసిన ఫోటో పెడతాను, అసలుది చదివే వారికి విడిగా డాక్యుమెంట్‌గా పంపుతాను. విండోస్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్తే ఆ సమాచారం తొలగించే దారి కింద కనిపిస్తుంది.

మరి మీకు ఏది?

ఒక్క శాసనం, ఒక్కరికి చూపించాలి అంటే వాట్సాప్ డాక్యుమెంట్, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. పదిమందిని అడగాలి అంటే 2048 సైజు ఫోటో ఒకటి, ముక్కలు కొన్ని, పోస్టు కిందనే అసలు ఫోటోల డ్రైవ్ లింక్. జిల్లా అంతా తిరిగి వందల ఫోటోలు తెచ్చుకుంటే ముందు రెండు వేరువేరు హార్డ్ డిస్కుల్లో, ఒకటి మీ ఇంట్లో ఒకటి ఇంకొకరి ఇంట్లో ఉండేలా కాపీ చేసుకుని, తర్వాతే పంపడం గురించి ఆలోచించండి. చదివిన పెద్దవాళ్ళు పాఠం ఖాయం చేశాక కామన్స్‌లో పెట్టండి. కొత్తదని ప్రకటించే ముందు మాత్రం ఒకసారి అడిగి చూడండి, మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగం వంద ఏళ్ళకు పైగా ఊరూరా తిరిగి కాగితం మీద అచ్చులు తీసింది, మీ రాయి ఆ జాబితాలో ముందే ఉండొచ్చు. ఉంటే మరీ మంచిది, అప్పటి అచ్చులో ఉన్న అక్షరాలు ఇప్పుడు రాతి మీద ఎన్ని మిగిలాయో మీ ఫోటోతో పోల్చి చూడొచ్చు.

ఏ దారిలో పంపినా ఫైల్ పేరు మార్చి పంపండి. ఐఎంజీ 4471 అని వచ్చిన ఫోటో ఏ ఊరిదో రెండేళ్ళ తర్వాత తీసినవాళ్ళకే గుర్తుండదు. నేను ఊరు, మండలం, రాయి ఉన్న చోటు, తేదీ, రాయి ఏ వైపు అనేది పేరులోనే పెడతాను. శాసనాలకు నాలుగు వైపులా రాత ఉండటం మామూలే, తూర్పు ముఖం మాత్రమే పంపి పడమర ముఖం మర్చిపోయిన ఫోటోలు నా దగ్గరే ఇంకా మూడు ఊళ్ళవి ఉన్నాయి, ఈ వేసవి లోపు మళ్ళీ వెళ్ళి తీసుకురావాలి.